చెలికత్తె ఉద్యోగానికి రిటైర్మెంట్ లేదు

తెలుగు కథల్లో ఏనాడూ రద్దు కాని ఉద్యోగం ఒక్కటే: చెలికత్తె. అర్హతలు పెద్దగా అక్కర్లేదు. ఆడపిల్ల అయి ఉండాలి, నాయిక కంటే వీసమెత్తు తక్కువ అందంగా ఉండాలి. సొంత ఊరు, సొంత కోపం, సొంత ఆకలి ఉండకూడదు. ప్రబంధాల కాలంలో డ్యూటీ కాస్త బరువుగానే ఉండేది. నాయికకి విరహం తగిలిందంటే పన్నీరు చల్లాలి, గంధం పుయ్యాలి, తామరాకులతో విసరాలి, చంద్రుణ్ని తిట్టీ తిట్టీ ఆవిడ అలిసిపోతే ఆ తిట్లు మనం అందుకోవాలి. వసుచరిత్రలో మంజువాణి రాజుగారి దగ్గర గిరిక సంగతంతా విప్పి చెప్పి పెళ్లికి దారి వేసింది. గిరికకి పెళ్లయింది. మంజువాణి ఏమైందో భట్టుమూర్తికి పట్టలేదు. సినిమాలొచ్చాక పని తేలికైంది. హీరోయిన్ పక్కన నడవాలి, "ఏయ్, వాడు నిన్నే చూస్తున్నాడే" అనాలి, పాట మొదలయ్యే లోపు తప్పుకోవాలి. టీవీ సీరియల్లో తప్పుకునే శ్రమ కూడా లేదు. కొన్ని వారాలు ఓపిక పడితే ఆ అమ్మాయే విలన్.

ఈ కొలువులో ఎంత పని చేసినా గుర్తింపు లేదనడానికి అనసూయ, ప్రియంవదలే సాక్ష్యం. శాకుంతలం నాలుగో అంకంలో దుర్వాసుడి శాపం వాళ్లిద్దరి చెవిన పడింది, శకుంతల చెవిన పడలేదు. ప్రియంవద పరుగెత్తుకెళ్లి ముని కాళ్లు పట్టుకుని, గుర్తుగా ఇచ్చిన నగ చూపిస్తే శాపం తీరేటట్టు ఒక సందు సంపాదించుకొచ్చింది. ఆ తర్వాత ఇద్దరూ కలిసి ఒక నిర్ణయానికొచ్చారు: దానికి చెప్పొద్దు, తట్టుకోలేదు. అత్తారింటికి పంపేటప్పుడు "ఆయన గుర్తుపట్టకపోతే ఉంగరం చూపించవే" అని సగం చెప్పి సగం మింగారు. ఉంగరం నీళ్లలో జారిపోయింది. మొత్తం చెప్పి ఉంటే ఆ పిల్ల దాన్ని వేలి నుంచి జారనిచ్చేదా? రాజు తరిమేశాడన్న కబురు ఆశ్రమానికి చేరాక ఆ ఇద్దరూ ఒకళ్ల మొహం ఒకళ్లు ఎలా చూసుకున్నారు? "చెప్పొద్దన్నది నువ్వే" అని ఎవరు ముందు అన్నారు? నన్నడిగితే అసలు నాటకం అక్కడుంది. కాళిదాసు మాత్రం వాళ్లని ఆశ్రమం దగ్గరే ఆపేశాడు. కారణం కణ్వుడి చేత చెప్పించాడు: వీళ్లకీ పెళ్లి చెయ్యాలి కదా, పట్నం రాకూడదు. పెళ్లి కావలసిన పిల్లలు కథలోంచి దిగిపోవాలన్న రూలు అంత పాతది.

మగపిల్లల స్నేహానికి మన దగ్గర ఏ లోటూ లేదు. నలుగురు కుర్రాళ్లు తాగి గోవాలో తేలితే అది 2018లో 'ఈ నగరానికి ఏమైంది' అయింది, సరదాగానే ఉంది. అల్లూరి సీతారామరాజు, కొమురం భీం చరిత్రలో కలుసుకున్న దాఖలా లేదు. అయినా వాళ్లిద్దరికీ దోస్తీ కల్పించడానికి 'ఆర్ఆర్ఆర్'కి వందల కోట్లు దొరికాయి. ప్రతిరోజూ కలుసుకునే ఇద్దరు ఆడపిల్లల స్నేహాన్ని ఉన్నదున్నట్టు రాయడానికి రెండు వందల పేజీల న్యూస్‌ప్రింటు దొరకదు.

ఎక్కడ కలుసుకుంటారంటారా? ఢిల్లీలో ధౌలా కువాన్‌కి రండి. రింగురోడ్డు, ఎయిర్‌పోర్టు రోడ్డు, కంటోన్మెంటు లారీలు, ఏ కారు ఏ ఫ్లైఓవర్ ఎక్కి ఎటు దిగుతుందో దానికే తెలియని చోటు. ఎయిర్‌పోర్టు మెట్రో దిగి, కదిలే నేల మీద నిలబడి పొడుగాటి ఆకాశవంతెన దాటితే పింక్ లైన్ స్టేషన్. 2018 మార్చి 14న తెరిచారు. పేరు దుర్గాబాయి దేశ్‌ముఖ్ సౌత్ క్యాంపస్. బయటికొస్తే బెనిటో జువారెజ్ మార్గ్ మీద తిరుమల తిరుపతి దేవస్థానం వాళ్లు 1961లో పెట్టిన శ్రీ వెంకటేశ్వర కళాశాల, ఢిల్లీ పిల్లల నోట్లో వట్టి 'వెంకీ'. దానికి ఎదుటి వైపు సత్యనికేతన్: మోమోలు, జెరాక్స్ షాపులు, మేడ మీద మేడగా పీజీలు. మెక్సికో అధ్యక్షుడి పేరున్న రోడ్డు మీద ఏడుకొండలవాడి కాలేజీ, పక్కన రాజమండ్రి ఆడపిల్ల పేరుతో స్టేషన్. తెలుగువాడు ఫొటో దిగి స్టేటస్ పెట్టుకోవడానికి ఇంతకు మించిన స్థలం ఢిల్లీలో ఆంధ్రాభవన్ క్యాంటీన్ ఒక్కటే.

స్టేషన్లో ఆగిన రైలు మొదటి బోగీలోకి చూడండి. 2010 నుంచి అది ఆడవాళ్లది. నంద్యాల నుంచో ఖమ్మం నుంచో వచ్చిన పిల్ల ఒకతె, తాతల నాడే జనక్‌పురిలో స్థిరపడి తెలుగు అర్థమవుతుంది గానీ చదవడం రాని పిల్ల ఒకతె, చెరో చెవిలో ఒకే ఇయర్‌ఫోన్ పెట్టుకుని నిలబడి ఉంటారు. హిందీ రానిదాని తరఫున ఆటోవాడితో బేరమాడేది రెండోది. రెండోదానికి సున్నుండల డబ్బా తెచ్చేది మొదటిది. పీజీలో రెండు మంచాలకీ కలిపి కిటికీ ఒకటే. ఆ కిటికీ ఎవరి వైపన్న దాని మీద యుద్ధాలు నడుస్తాయి, ఒక్క మాట పైకి రాకుండా. ఇంటి నుంచి ఫోనొస్తే "ఆంటీ, అది స్నానానికెళ్లింది" అని పక్క మంచం అమ్మాయి చెబుతుంది. ఆ స్నానం రాత్రి పదింటి దాకా సాగుతుంది. ఫోన్ పెట్టేశాక ఆ పిల్ల మనసులో ఏం తిరుగుతుంది? ఎందుకు నా చేత అబద్ధమాడిస్తోందనా, నన్నెందుకు తీసుకెళ్లలేదనా? ఈ రెండింటి మధ్యా ఉన్నది ఒక నవలంత దూరం. 2015లో హాస్టళ్ల తాళాల మీద ఢిల్లీ అమ్మాయిలు 'పింజ్రా తోడ్' అని రోడ్డెక్కారు. 2019 అక్టోబరు 29 నుంచి సిటీ బస్సులో గులాబీ టికెట్ చేతికిచ్చి ఎక్కడికైనా వెళ్లమన్నారు. ఇప్పుడు ఆంధ్రా, తెలంగాణల్లోనూ ఆర్టీసీ బస్సెక్కడానికి ఆడపిల్లకి డబ్బు అక్కర్లేదు. మన రచయితలు మాత్రం వాళ్లని ఇంకా డాబా మీదే నిలబెట్టి బట్టలారేయిస్తున్నారు, ఎదురింట్లోకి అద్దెకి ఎవడో దిగేదాకా.

స్టేషన్‌కి పేరిచ్చిన ఆవిడ సంగతి చూద్దాం. దుర్గాబాయి అనగానే మనకి గుండ్రటి కళ్లజోడు, ఖద్దరు చీర, ప్రణాళికా సంఘం, పద్మవిభూషణ్. ఆవిడకి ఒకప్పుడు పదకొండేళ్లుండేవన్న సంగతి పాఠ్యపుస్తకాలు ఒప్పుకోవు. 1921 ఏప్రిల్‌లో గాంధీ కాకినాడ వస్తున్నాడు. 1909 జూలైలో పుట్టిన దుర్గకి పన్నెండింకా నిండలేదు. ఊళ్లో దేవదాసీలు, పరదా చాటున ఉండే ముస్లిం స్త్రీలు ఆయన్ని కలుసుకోవాలి అని ఆ పిల్ల పట్టు. గాంధీ పలకరిస్తే వాళ్ల బతుకు మారుతుందని దాని నమ్మకం. ఐదు వేల రూపాయల నిధి సమర్పిస్తే కాసేపు టైమిప్పిస్తాం అన్నారు నిర్వాహకులు. చిన్నపిల్ల కదా, వదిలిపోతుందనుకుని ఉంటారు. ఐదు వేలు తెచ్చింది. సభ జరిగింది. ఆ ఆడవాళ్లు ఒంటి మీది నగలు ఒలిచిచ్చారు. గాంధీ మాటల్ని తెలుగులో చెప్పిందీ ఆ పిల్లే. రెండేళ్ల తర్వాత 1923లో కాకినాడ కాంగ్రెస్. పక్కన ఖాదీ ప్రదర్శన గేటు దగ్గర వాలంటీరు దుర్గ, పద్నాలుగేళ్లు. టికెట్ లేకుండా లోపలికి వస్తున్నాడు జవహర్‌లాల్ నెహ్రూ. ఆపేసింది. ఎవరనుకున్నావే ఆయన్ని అని పెద్దలు విరుచుకుపడితే, టికెట్ లేనిదే వదలొద్దని చెప్పింది మీరే కదా అంది. ఆ పెద్దలే టికెట్ కొని తెచ్చాక గానీ నెహ్రూ లోపలికి అడుగుపెట్టలేదు. ఇంకో ముక్క: ఎనిమిదేళ్లకే ఆవిడకి పెళ్లి చేసేశారు. ఊహ తెలిశాక ఆ కాపురం నాకొద్దని చెప్పేసింది. ఆడపిల్లల కోసం హిందీ బడి నడిపింది. ఈ పనులన్నీ ఒక్కతే చేసి ఉంటుందా? ఐదు వేలు పోగు చేయడానికి ఎవరెవరు కలిసి ఎన్ని గుమ్మాలు ఎక్కి దిగారు? దేవదాసీ ఇంటికి వెళ్లొచ్చిందని దుర్గతో మాట మానేసిన పిల్ల ఎవరు, మానకుండా వెంట నడిచిన పిల్ల ఎవరు? ఆ పిల్లల పేర్లు తెలియకపోతే కల్పించుకోవడానికేగా రచయిత ఉన్నది? రామరాజుకీ భీంకీ కల్పించినప్పుడు ఎవరూ అడ్డుపడలేదే! అన్నట్టు, ఆవిడ 1980లో ఇంగ్లిష్‌లో రాసుకున్న స్వీయచరిత్రకి 'చింతామన్ అండ్ ఐ' అని పేరు పెట్టుకుంది. నెహ్రూని గేటు దగ్గర నిలబెట్టిన మనిషి, తన సొంత పుస్తకం అట్ట మీద మాత్రం, తర్వాత పెళ్లాడిన చింతామన్ దేశ్‌ముఖ్‌ని ముందు వెళ్లనిచ్చింది.

ఇదంతా నవలగా రాస్తానని ఒక ప్రచురణకర్తకి చెప్పాను. పెద్దమనిషి, కాఫీ ఇప్పించి ఓపిగ్గా విన్నాడు.

"బాగుందమ్మా. లవ్ ట్రాక్ ఎక్కడొస్తుంది?"

"రాదండీ."

"పోనీ పెళ్లి?"

"ఎనిమిదేళ్లకే అయిపోయింది. వద్దనుకుంది."

"అదీ! అక్కణ్నుంచి ఎత్తుకోండి. భర్త పశ్చాత్తాపం. ఆడవాళ్లు బాగా చదువుతారు."

దుర్గాబాయిని పక్కన పెట్టి, ఇప్పటి కథే రాస్తానన్నాను. ధౌలా కువాన్, ఇద్దరమ్మాయిలు, పదిహేడేళ్లు, వాళ్ల స్నేహం.

"ఇద్దరూ ఒకే అబ్బాయిని..."

"లేదండీ."

"ఒకమ్మాయికి క్యాన్సరా?"

"లేదండీ."

"ఇద్దరి మధ్యా మరేదైనా..." అని ఆయన తలుపు వైపు చూసి గొంతు తగ్గించాడు.

"అదుంటే అదీ రాయొచ్చు. ఇక్కడ లేదండీ. స్నేహితులు."

కుర్చీలో వెనక్కి వాలాడు. "మరి కథేదమ్మా?"

ఆ తర్వాత మార్కెట్ గురించి ఉపన్యాసం. తెలుగులో ఆ వయసు పిల్లలు చదవరు. ఆయన మాట కొట్టెయ్యలేం, ఎందుకంటే తెలుగునాట ఆ వయసే లేదు. పదో తరగతి పరీక్ష ఆఖరి రోజు దాకా పిల్ల. మర్నాటి నుంచి ఎంపీసీ లేదా బైపీసీ. 1986లో ఎంసెట్ పుట్టినప్పటి నుంచి పదిహేను, పదహారు, పదిహేడు అనే మూడేళ్లు మన క్యాలెండర్లోంచి ఎగిరిపోయాయి. ఇప్పుడు పరీక్ష పేరు మార్చారు, ఎగిరిపోయిన ఏళ్లు తిరిగి రాలేదు. తెల్లవారుజామున స్టడీ అవర్, రాత్రి స్టడీ అవర్, ఆదివారం వీకెండ్ టెస్టు, గోడ మీద ర్యాంకుల లిస్టు. ఆ లిస్టులో తన పేరుకి పైన ఉన్న పేరు ఎవరిదో వాళ్లే ఆడపిల్లకి ఫ్రెండు. స్నేహితురాలి దగ్గర ఫిజిక్స్ నోట్సు దాచడమూ, దాచి రాత్రంతా నిద్రపోలేకపోవడమూ, తెల్లారి ఆ నోట్సు దాని దిండు కింద పెట్టి ఏమీ ఎరగనట్టు పళ్లు తోముకోవడమూ ఆ హాస్టళ్లలో జరుగుతూనే ఉంటాయి. రాసేవాడు లేడు. రాస్తే చదివే పిల్లకి టైమ్‌టేబుల్లో పీరియడ్ లేదు. అందుకని పుస్తకాల షాపులో ఒక వైపు నీతికథలు, తెనాలి రామలింగడు. రెండో వైపు మొగుళ్లు, అత్తలు, కాంట్రాక్టు పెళ్లిళ్లు. మధ్యలో ఐఐటీ ఫౌండేషన్ గైడు.

ఒకప్పుడూ ఇంతే. 1947లో మొదలైన చందమామ ఒళ్లో పెరిగిన ఆడపిల్ల భేతాళుణ్ని దింపగానే సరాసరి వీక్లీ సీరియల్లోకి ఎక్కేది. అద్దె లైబ్రరీ నుంచి యద్దనపూడి నవల రోజుకింతని తెచ్చి, లెక్కల పుస్తకంలో పెట్టి, ఇద్దరు స్నేహితురాళ్లు తలా తలా ఆనించి చదివేవాళ్లు. ఒకతె ముందు పూర్తి చేస్తే రెండోది పేజీ తిప్పనిచ్చేది కాదు. కన్నీళ్లొచ్చే చోట ఒకరి చెయ్యి ఒకరు గిచ్చుకునేవాళ్లు. పుస్తకంలో ఏముంది? 'సెక్రటరీ'లో రాజశేఖరం కారు దిగుతున్నాడు. ఒక తరం తెలుగు ఆడపిల్లల స్నేహమంతా ఆ పుస్తకాల చుట్టూ అల్లుకుంది, ఆ పుస్తకాల్లోకి మాత్రం రాలేదు. యద్దనపూడిని అనడానికేం లేదు, కారు తేవడం వరకు ఆవిడ వంతు. అందులో అమ్మాయిల్ని ఇద్దర్నీ ఎక్కించి డ్రైవర్ని దింపేసే బాధ్యత తర్వాత వచ్చిన మనది.

బయటి దేశాల్లో పుస్తకాల షాపులోని ఆ మధ్య అరని ఎప్పుడో నింపుకున్నారు. అమెరికాలో హింటన్ అనే అమ్మాయి హైస్కూల్లో ఉండగానే రాసిన నవల 1967లో అచ్చయింది. ఆ అమ్మాయీ మగపిల్లల కథే రాసిందనుకోండి. 1970లో జూడీ బ్లూమ్ ఒక నవల రాసింది. నలుగురు ఆడపిల్లలు రహస్యంగా క్లబ్బు పెట్టుకుని, మనలో ముందు ఎవరు పెద్దమనిషవుతారా అని ఎదురుచూస్తూ, భయపడుతూ, గొప్పలకి పోయి అబద్ధాలాడుతూ ఉంటారు. అక్కడా లైబ్రరీల్లోంచి దాన్ని తీయించిన పెద్దలున్నారు. మనవాళ్ల ధర్మపన్నాలు వేరే రకం. పిల్ల పెద్దమనిషైందంటే సెంటర్లో ఫ్లెక్సీ కడతాం, ఎమ్మెల్యే ఫొటో పైన వేయిస్తాం, డ్రోన్ కెమెరా ఎగరేస్తాం, చదివింపులు మైకులో చెప్పిస్తాం. అదే సంగతి ఇద్దరు పిల్లలు నవల్లో గుసగుసలాడుకుంటే "ఇలాంటివి పిల్లల పుస్తకాల్లోనా?" అని ముక్కు మూసుకుంటాం. ఊరంతా చెప్పుకోవచ్చు, ఆ పిల్ల మాత్రం పక్కపిల్లతో చెప్పుకోకూడదు.

అసలేమీ జరగలేదంటే అన్యాయం. హైదరాబాద్‌లో 'అన్వేషి' వాళ్లు 2008లో 'డిఫరెంట్ టేల్స్' పేరుతో తెచ్చిన పిల్లల పుస్తకాల్లో గోగు శ్యామల, జూపాక సుభద్ర లాంటివాళ్లు రాశారు. పొలానికెళ్లే పిల్లలు, బడిలో కులం ఎదురయ్యే పిల్లలు, ఎవరి మీదా జాలిపడమనకుండా మాట్లాడతారు. 2015లో సాహిత్య అకాడమీ అవార్డు అందుకున్న ఓల్గా 'విముక్త'లో సీతకి శూర్పణఖ స్నేహితురాలైంది. ముక్కూ చెవులూ పోయాక, అడవుల పాలయ్యాక, పిల్లలు పుట్టాక. పదహారేళ్లప్పుడు కలిసి ఉంటే ఎన్ని యుద్ధాలు తప్పేవో. ఇక ఢిల్లీలో పుస్తక సంస్థలకి కొదవా? ధౌలా కువాన్ నుంచి వసంత్‌కుంజ్‌లో ఉన్న నేషనల్ బుక్ ట్రస్టుకి ఎంతో దూరం లేదు. రవీంద్రభవన్‌లో సాహిత్య అకాడమీ 2010 నుంచి బాలసాహిత్య పురస్కారాలు ఇస్తోంది. శాలువా సిద్ధంగా ఉంది, దాన్ని కప్పడానికి తెలుగులో ఇద్దరు అమ్మాయిలు మాట్లాడుకునే పుస్తకమే కావాలి. ఢిల్లీ తెలుగు సభల్లోనూ ఆ పిల్లలకి లోటు చెయ్యరు: ఉగాదికి కూచిపూడి, సంక్రాంతికి ముగ్గు, ముఖ్య అతిథికి బొకే. మాట్లాడమని మైకు ఇవ్వడం మాత్రం వాళ్ల నాన్నలకే.

ఆ దుర్గాబాయే, గుర్తుంచుకోండి, 1948లో ఢిల్లీలో ఆంధ్రా ఎడ్యుకేషన్ సొసైటీ పెట్టి తెలుగు పిల్లలకి బళ్లు కట్టించింది. 1958లో స్త్రీవిద్య మీద కేంద్రం వేసిన జాతీయ కమిటీకి అధ్యక్షురాలైంది. ఆడపిల్లకి చదవడం నేర్పితే చాలు, చదవడానికి ఏదో ఒకటి రాసి పెట్టేపాటి బుద్ధి మనకి ఉంటుందనుకుంది కాబోలు.

మొన్న ఆ ప్రచురణకర్తే ఫోన్ చేశాడు. నవల గురించేమోనని ఆశపడ్డాను. ఆయన కూతురు సౌత్ క్యాంపస్‌లోనే చదువుతోందట. చిన్నప్పటి నుంచీ ఇంగ్లిష్ నవలలే, నెలనెలా ఆన్‌లైన్‌లో తెప్పించేది ఆయనే. తెలుగు చదవడం రాదని కాస్త గర్వంగానే చెప్పాడు. తర్వాత గొంతు మారింది.

"దానికీ రూమ్మేటుకీ ఏదో చెడిందమ్మా. మూడు వారాలుగా మాటల్లేవట. అన్నం తినడం లేదు, క్లాసుకెళ్లడం లేదు. అబ్బాయెవరైనా అని అడిగితే ఛీ అని ఫోన్ పెట్టేసింది. వాళ్లమ్మ ఒకటే ఏడుపు. ఇంతమాత్రానికి అంత బాధేమిటో నాకు అర్థం కావడం లేదు. మీరు ఆ సబ్జెక్టే కదా, కాస్త చెబుతారా?"

"రెండొందల పేజీలవుతుందండీ. వేస్తారా?"

కాసేపు ఆలోచించాడు, వ్యాపారస్తుడు కదా.

"వాట్సాప్‌లో పెట్టండమ్మా. క్లుప్తంగా."